అరువిచ్చిన గొంతు

“అమ్మాయ్, ఎక్కడ చచ్చావ్” అని నా గొంతే నన్ను పిలిచినప్పుడు నేను వంటింట్లో మాడిన గిన్నె తోముతున్నాను.

నా గొంతును పోలిన గొంతు కాదు, నాదే. అత్తయ్యకి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, దాంతోపాటే మాటా పోయింది. బుద్ధి మాత్రం చెక్కుచెదరలేదు. ఆవిడ మాట్లాడటానికని నేనొక ప్రోగ్రాం రాశాను. మంచం పక్కన స్టాండుకి బిగించిన ట్యాబ్ ఉంటుంది. తెర నిండా గళ్ళు, గడికో బొమ్మ, బొమ్మ కింద మాట. ఎడమచేతి వేలితో ఆవిడ ఏ గడి నొక్కితే ఆ మాట పైకి వినిపిస్తుంది. వరసగా నొక్కుకుంటూ పోతే వాక్యం అవుతుంది. ఏ మాట తర్వాత ఏ మాట ఎక్కువగా వాడుతున్నారో కనిపెట్టి, ఆ రెండో మాటని ప్రోగ్రామే ముందుకి తెచ్చి చూపిస్తుంది, వేలికి శ్రమ తగ్గాలని. ఆ భాగం రాసేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. అది పనిచేసిన రోజు పిచ్చిదానిలా మురిసిపోయాను కూడా. ఇప్పుడు “టీ” నొక్కితే “చల్లారిపోయింది” వచ్చి నిలబడుతుంది. “అమ్మాయ్” నొక్కితే “ఎక్కడ చచ్చావ్” వస్తుంది. నేను కని పెంచిన ప్రోగ్రాం నన్ను తిట్టడం నా ఇంట్లోనే నేర్చుకుంది. చేతులు తుడుచుకుని వెళ్ళాను. ఫ్యాను తగ్గించాలట.

గొంతు నాదే ఎందుకైందంటే, ఇంట్లో తీరికగా ఉన్నది నేనొక్కదాన్నే కాబట్టి. తీరిక అన్న మాట మా ఆయనది. అత్తయ్య పడిపోయిన వారం ఆయన నా పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, ఎంతో ప్రేమగా, “నీది ఇంట్లోంచైనా చేసుకోగలిగే పని కదా” అన్నారు. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేదాన్ని. ఆయనదీ అదే ఉద్యోగం. ఆ సంగతి ఆ గదిలో ఎవరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు. ఉద్యోగం మానేశాను. ఇంట్లోంచి చేసుకోగలిగే పని అంటే ఏమిటో తర్వాత తెలిసింది. పక్క మార్చడం, ఒళ్ళు తుడవడం, మెత్తగా చేసిన అన్నం చెంచాతో పెడుతూ మింగిందో లేదో గొంతు మీద చెయ్యి పెట్టి చూడటం. మధ్యాహ్నం ఆవిడ కునుకు తీసినప్పుడు ప్రోగ్రాం రాసుకునేదాన్ని, మంచం అంచున, ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని.

మాటలు రికార్డు చెయ్యడానికి చప్పుడు లేని చోటు కావాలి. మా ఇంట్లో అలాంటి చోటు బట్టల అల్మారా ఒక్కటే. ఆయన ఇస్త్రీ షర్టుల మధ్య ముడుచుకు కూర్చుని, తలుపు దగ్గరికి లాక్కుని, ఫోను నోటి దగ్గర పెట్టుకుని, నీళ్ళు, నొప్పి, టీ, ఫ్యాను, చలి అంటూ చెమటలు కక్కుతూ చెప్పేదాన్ని. అవసరమైనవన్నీ అయ్యాక అత్తయ్య తన సొంత మాటలు చేర్చమనడం మొదలుపెట్టింది. అక్షరాల అట్ట మీద వేలితో ఒక్కో అక్షరం చూపిస్తే నేను రాసుకోవాలి. దండగ. మొద్దు. సిగ్గు లేదు. పాపం మావాడు. నన్ను నేను మొద్దు అని నాలుగైదు సార్లు అనుకోవలసి వచ్చింది, మొదట చెప్పినప్పుడల్లా ఏడుపు జీర వినబడిందని. మా ఆయన విని, మరీ ఫీలవకుండా మామూలుగా చెప్పు, వాడేవాళ్ళకి బాగుండాలి కదా అని సలహా ఇచ్చారు. ఒక్క “కన్నా” దగ్గర మాత్రం ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఆవిడ కొడుకుని పిలిచే మాట అది. ప్రతిసారీ విని తల అడ్డంగా ఊపేది. చివరికి మా అమ్మ నన్ను ఎలా పిలిచేదో గుర్తు తెచ్చుకుని అలా అన్నాను. అప్పుడు కళ్ళు మూసి తెరిచింది, సరే అన్నట్టు. ఆ గడిలో బొమ్మగా మా ఆయన చిన్నప్పటి ఫోటో పెట్టమంది. పెట్టాను.

ఆ ట్యాబ్ మా ఇంటికొచ్చే స్పీచ్ థెరపిస్టు కంట పడింది. మాట పోయినవాళ్ళకి మాట నేర్పడం ఆవిడ పని, నవ్వితే ఒళ్ళంతా కదిలే మనిషి. మా క్లినిక్‌లో ఇలాంటివాళ్ళు బోలెడుమంది, వాళ్ళకీ ఇవ్వరూ అని అడిగింది. ఇచ్చాను. ఒకళ్ళని చూసి ఒకళ్ళు అడిగారు. కట్టగలిగినవాళ్ళ దగ్గర నెలకింతని కొంచెం తీసుకున్నాను, కట్టలేమంటే ఊరికే ఇచ్చాను. అలా వచ్చిన డబ్బుతో మొట్టమొదట ఒక కుర్చీ కొనుక్కున్నాను, నడుం ఆన్చుకోవడానికి వీపున్న కుర్చీ. అత్తయ్య దాన్ని చూసి నా గొంతుతో, “కుర్చీ. దండగ” అంది.

ఆదివారాలు మా ఆయన ఉపన్యాసాలు ఇస్తారు. ఓపెన్ సోర్స్ గురించి. అంటే మనం రాసిన ప్రోగ్రాం రాతనంతా దాచుకోకుండా అందరి ముందూ పరిచి పెట్టడం. ఎవరైనా చదువుకోవచ్చు, ఊరికే వాడుకోవచ్చు, తమకి కావలసినట్టు మార్చుకోవచ్చు. జ్ఞానానికి తాళం వెయ్యకూడదు అంటారాయన, చెయ్యి పైకెత్తి. కుర్రకారు చప్పట్లు కొడతారు. వేసుకెళ్ళిన చొక్కా మర్నాడు ఉతికేది నేనే కాబట్టి ఉపన్యాసం బాగా జరిగిందో లేదో చంకల దగ్గర చెమట మరకలు చూసి చెప్పగలను. సోమవారం మళ్ళీ ఆఫీసుకి వెళ్తారు. అక్కడ ఆయన కంపెనీ రాసే ప్రతి అక్షరానికీ తాళమే. ఇంట్లో పనిచేసుకుంటున్నప్పుడు నేను కాఫీ తెచ్చినా ల్యాప్‌టాప్ మూత సగం దించేస్తారు. కంపెనీ రూలు అంటారు.

ఒకరోజు భోజనాల దగ్గర, నీ ప్రోగ్రాం ఓపెన్ సోర్స్ చేసెయ్ అన్నారు, పెరుగు ఇటివ్వు అన్నంత మామూలుగా. రోగుల దగ్గర డబ్బు తీసుకోవడం ఏం బాగుంటుంది, నలుగురిలో నాకెంత తలవంపులు అన్నారు. పెట్టే పద్ధతి కూడా ఆయనే ఎంచి తెచ్చారు. ఎవరైనా తీసుకోవచ్చు, అమ్ముకోవచ్చు, తాళం వేసుకోవచ్చు, తిరిగి ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు, అలాంటి షరతు. దాన్నే షరతు లేకపోవడం అంటారు. గొంతు కూడా అందులోనే ఇచ్చెయ్, విడదీస్తే అందం ఉండదు అని మరీ మరీ చెప్పారు.

నాకు ఓపెన్ సోర్స్ అంటే గిట్టక కాదు. నిజం చెప్పాలంటే నా ప్రోగ్రాంలో సగం భాగం ముక్కూమొహం తెలియని వాళ్ళు తెరిచి పెట్టిన రాతల మీదే నిలబడి ఉంది. ఏ మూలనో ఎవరో ఊరికే ఇవ్వకపోతే, ఉద్యోగం మానేసి మంచం అంచున కూర్చున్న నాకు అవన్నీ ఎవరు నేర్పుతారు? తీసుకున్నప్పుడు ఇవ్వాలి, అది నాకూ తెలుసు. కానీ ఇవ్వడం అనగానే ఒళ్ళు జలదరించే స్థితికి నన్నెవరు తెచ్చారని కూడా అనిపించింది. నా వంట, నా చాకిరీ, నా మధ్యాహ్నాలు పెళ్ళయిన నాటినుంచీ ఓపెన్ సోర్సే. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరూ ఏమీ ఇవ్వక్కర్లేదు, ఉప్పు తక్కువైతే మాత్రం ఫిర్యాదు నాకే వస్తుంది. ప్రోగ్రాం ఊరికే వాడుకుంటున్న ఒకాయన ఇలాగే ఉత్తరం రాశాడు. మగ గొంతు ఎప్పుడు పెడతారు, మూడు వారాలుగా అడుగుతున్నాను, బాధ్యత ఉండక్కర్లేదా అని. నా జీవితంలో డబ్బులు తెచ్చిన పని అదొక్కటే మిగిలింది. దాన్నీ ఇచ్చేస్తే కుర్చీ ఒక్కటి మిగులుతుంది. ఆ మాట ఇంత వివరంగా చెప్పలేదు, కొంచెం ఆలోచించుకోనివ్వండి అని మాత్రం అన్నాను.

ఆయన నవ్వి, అమ్మనే అడుగుదాం అని కంచం పట్టుకునే లేచి అత్తయ్య గదిలోకి వెళ్ళారు. సంగతి చెప్పారు. ఆవిడ వేలు తెర మీద తిరిగింది, ఒక్కో మాటకీ ఆగి, ఊపిరి పీల్చుకుంటూ.

“దానికి. డబ్బు. ఎందుకు. మనం. తిండి. పెట్టట్లేదా.”

మెత్తగా, మర్యాదగా, అల్మారాలో చెమటలు కక్కుతూ చెప్పిన నా గొంతు. “తిండి” అన్న మాట అన్నం తినిపించేటప్పుడు పనికొస్తుందని రికార్డు చేశాను. మా ఆయనకి నవ్వు ఆగలేదు. “చూశావా, నీ నోటితో నువ్వే అన్నావు” అన్నారు. తల్లీకొడుకులు ఒకరినొకరు చూసుకున్నారు. నేను కంచాలు తీసి సింకులో వేశాను.

ఆ వారంలోనే క్లినిక్‌కి వెళ్ళాను, మాట పోయి కొత్తగా చేరిన ఒక డ్రైవరుకి ట్యాబ్‌లో మాటలు సర్దిపెట్టడానికి. స్పీచ్ థెరపిస్టు నన్ను తన గదిలోకి పిలిచి తలుపు వేసింది. బల్ల మీద తెల్లటి ప్లాస్టిక్ పెట్టె ఉంది, ముందువైపు తెర, తెర నిండా గళ్ళు. నిన్న ఒక కంపెనీ మనిషి తెచ్చాడు, త్వరలో బజార్లోకి వస్తుందట, చూడమని వదిలి వెళ్ళాడు అంది. చెబుతూనే “అమ్మాయ్” అన్న గడి నొక్కింది. వెంటనే ఇంకో మాట ముందుకొచ్చి నిలబడింది. దాన్నీ నొక్కింది.

“అమ్మాయ్. ఎక్కడ చచ్చావ్.”

“నిన్న అతను అందరి ముందూ ఇదే నొక్కాడు. మొహం మాడిపోయింది పాపం. గదంతా ఒకటే నవ్వు, నేనూ నవ్వాను” అంది ఆవిడ. “నవ్వుతుంటే గుర్తొచ్చింది, ఈ గొంతు మీది కదా అని.”

పెట్టె వెనక్కి తిప్పి చూశాను. మా ఆయన కంపెనీ పేరు. ముందుకి తిప్పి “కుర్చీ” నొక్కాను. “దండగ” వచ్చి నిలబడింది. “టీ” నొక్కాను. చల్లారిపోయింది. ఇంకేం కావాలి? ప్రోగ్రాం ఒక్కటీ కాదు, అత్తయ్య ట్యాబ్‌లో ఉన్నదంతా ఉన్నదున్నట్టు ఎత్తి ఇందులో పోశారు, అది నేర్చుకున్న తిట్లతో సహా. కనీసం ఆ నేర్చుకున్నవి తుడిచేసి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. తుడవాలని ఆయనకి తట్టలేదు. ఎత్తుకెళ్ళిన తర్వాత సర్దిపెట్టడం కూడా నా పనే అనుకున్నారేమో. నన్ను ఓపెన్ సోర్స్ చెయ్యమని అంత తొందరపెట్టింది ఎందుకో అప్పుడు అర్థమైంది. ముందే తీసుకుపోయారు. ఇప్పుడు నేను ఇచ్చినట్టు కావాలి.

ఒళ్ళు మండిపోయింది. మొత్తం మూసేస్తాను, ఎవరికీ ఇవ్వను, ఎవరి దగ్గరున్నది వాళ్ళ దగ్గరే ఆగిపోయేలా చేస్తాను అన్నాను. ఆవిడ పెట్టె స్విచ్చి ఆపి, కిటికీలోంచి వరండా వైపు చూపించింది. డ్రైవరు గోడకి ఆనుకుని కూర్చుని ట్యాబ్‌లో ఏదో నొక్కుతున్నాడు. అతని కూతురు పక్కన నిలబడి గట్టిగా నవ్వుతోంది.

“మీ ఇంటి గొడవకి నా పేషెంట్ల నోళ్ళు మూస్తారా?” అంది. ఆ మాటకి నాకు కోపం వచ్చింది, తర్వాత సిగ్గేసింది. నేను ఏదో అనబోయేలోపే, రేపు మీకేమైనా అయితే వీళ్ళ ప్రోగ్రాం ఎవరు బాగుచేస్తారు, మీ ఒక్క తలలో ఉంటే సరిపోతుందా అని అడిగింది. సరిపోదు. అది నాకు తెలుసు. మీ బతుకుతెరువు సంగతంటారా, ఇక్కడికి రండి, ఒక్కో మనిషి ఇంటికి వెళ్ళి వాళ్ళ మాటలు వాళ్ళకి అమర్చిపెట్టే మనిషి మాకు కావాలి, అది ఏ పెట్టె వల్లా కాదు, దానికి జీతం ఇస్తాం అంది.

మర్నాడు మా ఆయన ఆఫీసుకి వెళ్ళాక, అత్తయ్యకి ఒళ్ళు తుడిచి, పౌడరు రాసి, దుప్పటి మార్చి, నా కుర్చీలో కూర్చున్నాను. ప్రోగ్రాం రాతనంతా తెరిచి పెట్టాను. ఆయన తెచ్చిన షరతుతో కాదు. ఇంకో పద్ధతి ఉంది. ఎవరైనా తీసుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా, కానీ తీసుకున్నవాళ్ళు దాని మీద ఏం కట్టినా దాన్నీ ఇలాగే అందరికీ తెరిచి ఇవ్వాలి. తాళం వెయ్యడానికి వీల్లేదు. పైన నా పేరు రాశాను, పెళ్ళికి ముందు పేరు. అందులోంచి గొంతు తీసేశాను. ఎవరింటి గొంతు వాళ్ళు ఎలా రికార్డు చేసుకోవాలో, అల్మారా సంగతితో సహా, వివరంగా రాసిపెట్టాను. ఇప్పటికే నా గొంతుతో మాట్లాడుతున్న వాళ్ళందరికీ, కావలసినన్నాళ్ళు ఉంచుకోండి అని విడివిడిగా రాశాను, మగ గొంతు అడిగినాయనకి కూడా.

ఒక్క ఇంట్లో తప్ప. లేచి అత్తయ్య గదిలోకి వెళ్ళి ఆ ట్యాబ్‌లోంచి నా గొంతు తీసేశాను. ఆవిడ చూస్తూనే ఉంది. నేను పక్కకి జరగగానే “అమ్మాయ్” నొక్కింది. చప్పుడు లేదు. మళ్ళీ నొక్కింది. మొదటిసారి ఆ కళ్ళలో భయం చూశాను. నాకు జాలి కలగలేదు. కలుగుతుందేమోనని కాసేపు ఎదురుచూశాను కూడా.

రెండు రోజులకి ఆయన ఆఫీసు నుంచి పెందలాడే వచ్చారు. నా ప్రోగ్రాం వాడితే కంపెనీ రాతా తెరిచి పెట్టాలి కాబట్టి వాళ్ళ లాయర్లు దాన్ని ముట్టుకోవద్దన్నారట. మూడు నెలల పని మట్టిగొట్టుకుపోయిందట. ప్రమోషన్ అన్న మాట నోటి దాకా వచ్చి మింగేశారు. కాలు కాలిన పిల్లిలా నా చుట్టూ తిరిగి, “ఒక్క మాట నన్నడగాలని తోచలేదా నీకు?” అన్నారు.

“జ్ఞానానికి తాళం వెయ్యకూడదన్నారుగా. తీసేశాను.”

“మరి షరతేమిటి?”

“మీరూ తియ్యాలని. అంతే.”

ఆయన తల్లి మంచం వైపు తిరిగారు. మంచం పట్టిన మనిషి నోరు నొక్కేశావే, ఎవరి మీద తీర్చుకుంటున్నావు పగ అన్నారు. పగేనేమో. కాదని దబాయించేంత మంచిదాన్ని కాను. అల్మారాలో మీ షర్టుల మధ్య చోటుంది, తలుపు దగ్గరికి లాక్కుంటే చప్పుడు రాదు, వెళ్ళి చెప్పండి అన్నాను. మీ అమ్మకి మీ గొంతు ఇవ్వండి.

వెళ్ళారు. ఉక్కపోతకి అరగంట కూడా ఉండలేకపోయారు. షర్టు గుండీలు విప్పుకుంటూ బయటికొచ్చి, ముఖ్యమైనవి అయిపోయాయి, అమ్మకి ఇవి చాలు అన్నారు. నీళ్ళు, టీ, ఫ్యాను, బాత్‌రూమ్, నొప్పి, టీవీ. వీటన్నిటికంటే ముందు చెప్పిన మాట “అమ్మాయ్”. మిగిలిన గళ్ళన్నీ బొమ్మలతో, మాటలతో అలాగే ఉన్నాయి, మూగగా. వారాంతంలో చేస్తానన్నారు. వారాంతంలో ఉపన్యాసం ఉంది.

క్లినిక్‌లో నా మొదటి రోజు. ఆ పూట ఆయన సెలవు పెట్టి ఇంట్లో ఉన్నారు, ముందు గదిలో చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని తెరలోని మనుషులతో ఏదో నవ్వుతూ మాట్లాడుతున్నారు. నేను జడ వేసుకుంటుంటే లోపల్నుంచి ఒక మగ గొంతు “అమ్మాయ్” అంది, పని తెమలక విసుక్కుంటున్నట్టు. వెళ్ళాను. అత్తయ్యకి నేను అక్కర్లేదు. ఫోటో ఉన్న గడి నొక్కుతోంది. చిన్నప్పటి మా ఆయన, ముందు పళ్ళు ఊడిన నవ్వు, కింద “కన్నా”. నొక్కింది. చప్పుడు లేదు. ఇంకా గట్టిగా నొక్కింది, గట్టిగా నొక్కితే పలుకుతుందన్నట్టు. తనని తల్లి పిలవవలసి వస్తుందని ఆయనకి తట్టలేదు. ఆవిడ పిలవగలిగింది నన్నొక్కదాన్నే.

ఆవిడ నా మొహంలోకి చూసింది. వేలు తెర మీద కిందికి జారి ఇంకో మూగ గడి మీద ఆగింది. ఆ గడిలో ఉన్న మాట చదివాను. “ఇవ్వు.” మళ్ళీ వెళ్ళి ఫోటో మీద ఆగింది. మళ్ళీ “ఇవ్వు”. ఈ ఇంట్లో నన్ను ఎవరైనా ఏదైనా అడగడం అదే మొదలు. తిట్టలేదు, తేలిక చెయ్యలేదు, అడిగింది. మా అమ్మ నన్ను పిలిచినట్టు చెప్పిన ఆ ఒక్క మాట నా ఫోన్లో ఇంకా ఉంది. ట్యాబ్‌లోకి పంపడానికి నిమిషం పట్టదు.

ఫ్యాను కొంచెం తగ్గించాను. దుప్పటి కాళ్ళ మీదికి సర్దాను. సంచి భుజాన వేసుకుని, ముందు గదిలో నవ్వుతున్న ఆయన్ని దాటి, చెప్పులు వేసుకుని, తలుపు దగ్గరికి లాగి మెట్లు దిగాను. మా ఆయన గొంతు లోపల్నుంచి పిలుస్తూనే ఉంది, అమ్మాయ్, అమ్మాయ్ అని.